లేని వాసన

పోయినవారం డాక్టరమ్మను మనం ఆస్పత్రి మెట్ల దగ్గర వదిలేశాం. లోపలికి అడుగుపెట్టే ధైర్యం చాలక, ఇంటికి పోయే మనసూ రాక, ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. చివరికి వెనక్కే తిరిగింది.

జరిగింది చిన్న విషయం కాదు. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా పైపు పగిలింది. సరుకు దించుతున్న ఇద్దరు కూలీలు అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు. ప్యాకింగ్ పనిచేసే చిట్టి కళ్ళకు కట్లతో, గొంతులో గొట్టంతో ఆస్పత్రిలో పడి ఉంది. మిషన్ల పక్కగదిలో గ్యాసు వాసన వస్తోందని ఆ చిట్టి కొంతకాలంగా మొత్తుకుంటూనే ఉంది. వాసన గదిలో లేదమ్మా, నీ ఆలోచనలో ఉంది అని నచ్చజెప్పింది మన డాక్టరమ్మే.

ఆవిడ అసలు డాక్టరు కాదు, సైకాలజిస్టు. మందులు రాయదు, సూదులు వేయదు. మొదట్లో వచ్చినవాళ్ళందరికీ ఆ తేడా ఓపిగ్గా చెప్పేది. "అలాగే డాక్టరమ్మా" అని వాళ్ళు తలూపేవాళ్ళు. ఇక లాభం లేదని మానేసింది.

మర్నాడు పొద్దున క్లినిక్కు తలుపులు తీసింది పని చేద్దామని కాదు. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికొస్తున్నట్టుంది. కళ్ళజోళ్ళ షాపు పైన రెండు గదులు. ముందుగదిలో ఒక బెంచీ. లోపలిగదిలో కాస్త ఏటవాలుగా వేసిన రెండు కుర్చీలు, మధ్యన చిన్న బల్ల, దాని మీద కాగితపు రుమాళ్ళ డబ్బా. ఆ రోజు రావలసినవాళ్ళకు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు రావద్దని చెప్పింది. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మనిషి పైకి రాకముందే ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

చిట్టి భర్త. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు గానీ, గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. గడ్డం మాసి ఉంది. గుమ్మంలో నిలబడి గదినంతా కలయజూశాడు.

"మా చిట్టి ఏ కుర్చీలో కూర్చునేది?"

డాక్టరమ్మ చూపించింది. అతను వెళ్ళి అందులో కూర్చున్నాడు. చేతులు తొడల మీద పెట్టుకుని, అక్కడి నుంచి ఏమేం కనిపిస్తాయో చూశాడు.

"నిన్న ఆస్పత్రి దాకా వచ్చారు. పై కిటికీలోంచి చూశాను," అన్నాడు. "లోపలికి వస్తారనుకున్నాను."

"రాలేకపోయాను."

"భయపడకండి మేడం. మిమ్మల్ని కొట్టడానికి రాలేదు. కొట్టాలని లేదని మాత్రం అనను."

ఆ మాటకు డాక్టరమ్మకు భయం వేయలేదు సరికదా, కాస్త ఊపిరాడింది. నిన్నటి నుంచి తెలిసినవాళ్ళందరూ ఫోన్లు చేసి "ఇందులో మీ తప్పేముంది?" అంటున్నారు. ఆ ఓదార్పు గాయం మీద కారంలా ఉంది. ఇన్ని ఫోన్లలో దొరకని నిజం ఈ ఒక్క మాటలో దొరికింది.

"ముందు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే అన్యాయమవుతుంది," అన్నాడు డ్రైవరు. "పాప పుట్టినప్పుడు నా పెళ్ళాన్ని నాకు తిరిగిచ్చింది మీరే."

అది నిజమే. పాప పుట్టిన కొత్తలో చిట్టికి స్టవ్ భయం పట్టుకుంది. గ్యాసు లీకై పసిపిల్ల ఊపిరాడక పోతుందని. మీట కట్టేసేది, చూసేది, మంచమెక్కేది, మళ్ళీ లేచి చూసేది. బస్టాపు దాకా వెళ్ళి, ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఇంటికి పరిగెత్తేది. చివరికి వంట మానేసింది. కన్నబిడ్డను ఎత్తుకోవడం కూడా మానేసింది, తన చేతులకే గ్యాసు అంటుకుని ఉందేమోనని. అత్తగారు దీన్ని బద్ధకం అంది. ఒక డాక్టరు నిద్రమాత్రలిచ్చాడు. ఇంకొకాయన నెలల తరబడి కూర్చోబెట్టి, చిన్నప్పుడు మీ నాన్న నిన్నెలా చూసేవాడో చెప్పు అన్నాడు. "మా నాన్నకీ మా స్టవ్వుకీ ఏం సంబంధం డాక్టరమ్మా? మా పెళ్ళికి ఆయన స్టవ్ కూడా కొనివ్వలేదు" అని చిట్టి ఈ కుర్చీలోనే అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. వైద్యం ఆ నవ్వుతోనే మొదలైందనిపించేది డాక్టరమ్మకు.

ఆలోచన వచ్చినంత మాత్రాన అది నిజం కాదు. మనిషిని పడగొట్టేది చాలాసార్లు జరిగిన సంగతి కాదు, దాని గురించి లోపల నడిచే మాట. ఆ మాటను బయటికి లాగి బల్ల మీద పెట్టు. దానికి సాక్ష్యం ఏముంది, ఎదురు సాక్ష్యం ఏముంది చూడు. మీట ఒక్కసారి కట్టు, ఒక్కసారి చూడు, బయటికి నడువు. భయం పెరుగుతుంది. పరిగెత్తకుండా నిలబడు. అదే తగ్గుతుంది.

తగ్గింది. కొన్ని నెలలకే చిట్టి పాపను చంకనేసుకుని వచ్చి, "మా ఆయన ముక్కు మొహానికి అందం కోసం పెట్టింది డాక్టరమ్మా, పాలు మాడి గిన్నె నల్లబడ్డా తెలీదు. ఇంట్లో వాసన చూసే పని నాదే. కానీ ఇప్పుడు ఒక్కసారే చూస్తున్నా" అంది.

ఇలాంటివాళ్ళు ఎంతమందో. డాక్టరమ్మ ఆలోచనను సరిదిద్దే ఈ కాగ్నిటివ్ పద్ధతిని ప్రాణంగా నమ్మడానికి ఇంకో కారణం ఉంది. ఆవిడ కన్నతల్లి ఏళ్ళ తరబడి చీకటిగదిలో గోడకేసి తిరిగి పడుకుంది. ఒకరు తలరాత అన్నారు, ఒకరు పొగరు అన్నారు. నీ తలలో ఏం నడుస్తోందమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నా అడిగే చదువు దొరికినప్పుడు, ఆకలిగొన్నవాడికి అన్నం దొరికినట్టయింది. ఇందులో గాలిమాటలు లేవు. నేర్పొచ్చు. కొలవొచ్చు. తప్పయితే తప్పని తేల్చొచ్చు. మనిషిని తన బాధ మీద తనకే పెత్తనం ఉన్నవాడిగా నిలబెట్టొచ్చు.

"రెండోసారి మా అంతట మేము మీ దగ్గరికి రాలేదు," అన్నాడు డ్రైవరు. "కోల్డ్ స్టోరేజీ మేనేజరు పంపాడు. గుర్తుందా?"

గుర్తుంది. చిట్టిని ముందు హాల్లోంచి మిషన్ల పక్కగదికి మార్చారు. మారిన మొదటిరోజే వాసన అంది. సూపర్‌వైజరు వచ్చి పీల్చి ఏమీ లేదన్నాడు. ఏళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్న ఆడవాళ్ళూ ఏమీ లేదన్నారు. తోటివాళ్ళు ఆమెకు "పసిగట్టమ్మ" అని పేరు పెట్టారు. మేనేజరు ఫోన్ చేసి, "మీ పాత పేషెంటేనటగా. జబ్బు తిరగబెట్టినట్టుంది. పనిలోంచి తీసేయడం నాకిష్టం లేదు, మీరే ఒక దారి చూపించండి" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, మంచివాడే పాపం అనుకుంది డాక్టరమ్మ.

"ఇక్కడ ఏం అడిగారు దాన్ని?"

డాక్టరమ్మ దాచలేదు. "వాసన నీ ఒక్కదానికే ఎందుకొస్తోంది అని అడిగాను."

"ఏమంది?"

"తెలీదంది. నిజంగా గ్యాసే ఉంటే మిగతావాళ్ళకూ రావాలిగా అన్నాను. ఒప్పుకుంది."

"ఒప్పుకుంటుంది. మీరు చెబితే ఒప్పుకుంటుంది." అతను కిటికీకేసి చూశాడు. "ఒక్కసారైనా ఆ గదికి వెళ్ళి చూశారా మేడం?"

"లేదు."

"ఎందుకని?"

ఏం చెప్పాలి? తీరిక లేక కాదు. వెళ్ళాలని తోచలేదు. ఈ గదిలో రెండు కుర్చీలున్నాయి, మధ్యన ఒక ఆలోచన ఉంది. ఆలోచన సరిగ్గా ఉందా లేదా అన్నదే ఇక్కడి పని. దాని వెనక ఒక గది, ఆ గదిలో తుప్పు పట్టిన పైపు, ఆ పైపు ఖర్చు లెక్క చూసుకునే యజమాని ఉంటారని ఆవిడకు తెలియక కాదు. అవి తన గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి రావలసినవనుకుంది. లోపలి పొరపాటును పట్టడంలో ఎంత ఆరితేరిందంటే, బయట పొరపాటు జరిగి ఉండొచ్చన్న ఊహే మొద్దుబారింది.

దానికంటే పెద్ద శూలం ఇంకొకటి దిగబడి ఉంది. రాత్రంతా అదే కలుక్కుమంటోంది. ముక్కు ఏ వాసనకైనా కొంతసేపటికి అలవాటు పడిపోతుంది. అత్తరు షాపువాడికి అత్తరు వాసన తెలీదు. ఇదేమీ ఎవరో కొత్తగా చెప్పిన రహస్యం కాదు, కాలేజీలో తనే ఏటా చెప్పే పాఠం. ఆ గదిలో పాతవాళ్ళ ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి. కొత్తగా వచ్చిన ముక్కు ఒక్కటే బతికి ఉంది. ఆ బతికున్న ముక్కునే జబ్బుముక్కు అంది తను. పాఠం నోటికి వచ్చు, కానీ ఎదుట మనిషి కూర్చున్నప్పుడు గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదు? "పాత పేషెంటు" అన్న రెండు మాటలు ముందే చెవిలో పడ్డాయి గనక.

"ఆ రోజు ఏం జరిగిందో మీకు ఎవరైనా చెప్పారా?" అన్నాడు డ్రైవరు.

"పైపు పగిలిందని..."

"అందరూ బయటికి పరిగెత్తారు. గదిలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కరు మిగలకుండా అందరూ బయటపడ్డారు. ఒక్క చిట్టి తప్ప. ఎందుకో తెలుసా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పక్కబల్ల దగ్గర పనిచేసే పెద్దావిడ నిన్న ఆస్పత్రికొచ్చి చెప్పింది. ముందు సన్నగా బుస్సుమని చప్పుడొచ్చిందట. వాసన గుప్పుమందట, అప్పుడు అందరికీ వచ్చింది. పారిపోండర్రా అని ఎవరో కేకేశారు. పెద్దావిడ దీని చెయ్యి పట్టుకుని లాగింది. ఇది రాలేదు. కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఏదో గొణుక్కుంటోందట." అతను తప్పుగా పెట్టుకున్న గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. "'ఇది ఆలోచన. పెరుగుతుంది, తగ్గుతుంది. పరిగెత్తకూడదు' అని. పెద్దావిడకు అర్థం కాలేదు. చెయ్యి వదిలేసి పరిగెత్తింది. వదిలేశానయ్యా అని నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది."

కింద షాపులో ఎవరో కళ్ళజోడు పెట్టుకుని అక్షరాలు గట్టిగా చదువుతున్నారు. ఒక్కో అక్షరం మెట్లెక్కి పైకి వస్తోంది.

డాక్టరమ్మ ఏడవలేదు. ఏడుపు కూడా ఒక సౌకర్యమే, అది తనకు దక్కలేదు. చిట్టి మంచి విద్యార్థి. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మందమతి అయ్యుంటే బతికిపోయేది.

"నేను ఏం చేయగలను?" అంది చివరికి. అడిగాక ఆ మాట తనకే చాలా చిన్నగా వినిపించింది.

"అందుకే వచ్చాను." డ్రైవరు ముందుకు వంగాడు. "ఎవరో వాల్వు మూసేశారట. అవతలివైపు ముందే మూసి ఉందట, లోపల అమ్మోనియా ద్రవం ఇరుక్కుని, ఒత్తిడికి పైపు పగిలిందట. మూసింది చిట్టే అంటున్నాడు మేనేజరు. 'ఆవిడకు మీటలు కట్టే పిచ్చి ఉంది, సైకాలజిస్టు దగ్గర వైద్యం కూడా చేయించాం' అని విచారణాధికారికి చెప్పాడు. రేపు మిమ్మల్ని పిలుస్తారు. చనిపోయినవాళ్ళ తరఫు జనం అప్పుడే మా ఇంటి ముందుకొచ్చారు. మా పాపను బడికి పంపడం మానేశాను. దాని తల్లి ఇద్దరిని చంపిందని పిల్లలు అంటున్నారట."

పులి మీద పుట్ర అంటే ఇదే. పైపు కుళ్ళిన సంగతి ఎటో పోయి, నింద మాట్లాడలేని మనిషి నెత్తిన పడుతోంది. అందుకు మేనేజరు చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం డాక్టరమ్మ ఇచ్చిన జబ్బు పేరు.

"అది వాల్వు ముట్టుకోవడం ఎవరూ చూడలేదు," అన్నాడతను. "మీరు ఒక్క మాట చెప్పండి. దానికి ఏ జబ్బూ లేదని, అసలు ఎప్పుడూ లేదని."

"మొదటిసారి ఉంది కదా."

"లేదని చెప్పండి."

"అబద్ధం చెబితే దొరికిపోతాం. అప్పుడు నేను చెప్పే మిగతా నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. నిజమే చెబుతాను. మొదట జబ్బు ఉండేది, తగ్గిపోయింది అంటాను."

డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వు చూడ్డానికి బాగాలేదు.

"తగ్గిపోయిందని వాళ్ళు నమ్ముతారా మేడం? మీరే నమ్మలేదుగా. తగ్గిందని మీరే అన్నారు. దణ్ణం పెట్టి ఇంటికెళ్ళాం. ఆ తరవాత అది మొదటిసారి వాసనొస్తోంది అనగానే అదే జబ్బన్నారు. మీరు బాగుచేసిన మనిషిని మీరే బాగుపడ్డ మనిషిగా చూడలేదు. ఇక ఊళ్ళోవాళ్ళు చూస్తారా?"

ఎన్నో ఏళ్ళుగా డాక్టరమ్మ ఈ గదిలో కూర్చుని ఎదుటివాళ్ళ ఆలోచనల్లో పొరపాట్లు పట్టింది. ఒక్క ముద్ర వేసి మనిషినంతా దానితోనే కొలవకండి అని ఎంతమందికి చెప్పింది! తన తలలో ఆ పొరపాటే పీట వేసుకుని కూర్చుంటే కనిపెట్టలేకపోయింది. ఇప్పుడు దాన్ని పద్ధతి మీదికి తోసేయొచ్చు. పద్ధతి సాక్ష్యం చూడమనే చెబుతుంది, చూడనిది తనే. కానీ పద్ధతి ఆమెకు ఆ కుర్చీలోంచి లేవనవసరం లేదని కూడా నేర్పింది. ఎంతవరకు దానిది, ఎంతవరకు తనది అన్నది విడదీయడానికి ఎక్కడా అతుకు దొరకలేదు.

లేచింది. సంచీ తీసుకుంది.

"రేపు నేను ఒకటే చెబుతాను," అంది. "ఆ గదిలో వాసన ఉంది. ఆమె నాకు చెప్పింది. నేను వినలేదు. మేనేజరు ఫోన్‌లో అన్న మాటలు కూడా చెబుతాను. దాని తరవాత ఈ క్లినిక్కు మూతపడితే పడనీ. ఆమె ముక్కు బాగానే ఉంది, చెడిపోయింది నా చెవి. ఈ మాట అధికారి ముందూ అంటాను, చనిపోయినవాళ్ళ జనం ముందూ అంటాను."

డ్రైవరు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడని చెప్పలేం. కానీ లేచి నిలబడ్డాడు.

"ముందు దాని ముందు అనండి," అన్నాడు. "అది వింటుంది. మాట్లాడలేదు గానీ వినగలదని నర్సు చెప్పింది. పొద్దున నా చేతిలో వేలితో పాప పేరు రాసింది."

ఇద్దరూ కలిసే వెళ్ళారు. నిన్న ఎక్కలేకపోయిన మెట్లు ఈసారి ఎక్కింది. వార్డు గుమ్మం దగ్గర డ్రైవరు ఆగిపోయి, "మీరే వెళ్ళండి, ఒక్కొక్కరినే రానిస్తారు" అన్నాడు.

తెల్లటి దుప్పటి కింద చిట్టి మరీ చిన్నగా ఉంది. బుగ్గల మీద చర్మం ఎర్రగా ఊడి, మందు పూసి ఉంది. మంచం పక్కన మిషను ఆమె బదులు ఊపిరి తీస్తోంది. కళ్ళు వస్తాయో రావో ఇంకా చెప్పలేమన్నారు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, కట్టు లేని చెయ్యి పట్టుకుంది.

"చిట్టీ, నేనమ్మా."

చెయ్యి ఉలిక్కిపడింది. వెనక్కి లాక్కోలేదు.

"వాసన నిజం చిట్టీ. నువ్వు చెప్పింది నిజం. అబద్ధం ఆడింది నేను. తెలిసి కాదు, కానీ ఆడాను."

తరవాత చిట్టి వేలు డాక్టరమ్మ అరచేతిలో కదిలింది. నెమ్మదిగా, పలక మీద దిద్దుతున్నట్టు. ఒక అక్షరం. ఆగి, ఇంకో అక్షరం.

మూశాను.

డాక్టరమ్మ వంగి, పెదవులు చిట్టి చెవి దగ్గర పెట్టి, "ఏం మూశావమ్మా? వాల్వా?" అంది.

వేలు ఒక్కసారి గట్టిగా నొక్కింది. అవును. మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. ఈసారి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, రెండుసార్లు రాయించుకోవలసి వచ్చింది.

పరీక్ష.

అప్పుడు గుర్తొచ్చింది. చివరిసారి వచ్చినప్పుడు, వెళ్ళబోతున్న చిట్టితో తను అన్న మాట. నేను చెప్పానని నమ్మకు, నీ ఆలోచన నిజమో కాదో నువ్వే ఒక పరీక్ష పెట్టి తేల్చుకో. పద్ధతిలో అన్నిటికన్నా గొప్పదని తను నమ్మే మాట అది. చిట్టి పెట్టింది. గ్యాసు కారేది నిజమైతే వాల్వు మూస్తే ఆగాలి అనుకుంది, అచ్చం ఇంట్లో స్టవ్ లాగా. మూసింది. ఇరుక్కున్న ద్రవం పైపును ఇంకా తోసింది, అతుకు దగ్గర ఇంకా కారింది.

వేలు మూడో మాట రాసింది.

పోలేదు.

మూసినా వాసన పోలేదు. కనక వాసన అబద్ధం. కనక పారిపోనవసరం లేదు. సాక్ష్యం చూసుకునే నిలబడింది చిట్టి, తను నేర్పినట్టే.

"ఆవిడ మీ చేతిలో ఏదో రాస్తున్నట్టుందే?"

డాక్టరమ్మ తలెత్తింది. మంచం కాళ్ళ దగ్గర విచారణాధికారి నిలబడి ఉన్నాడు. పేషెంటు స్పృహలో ఉందని నర్సు చెబితే వచ్చాడట. అతని వెనక, తెరిచిన తలుపులో డ్రైవరు. అతని కళ్ళు డాక్టరమ్మ అరచేతి మీదే ఉన్నాయి.

"ఏం రాసిందండీ?" అన్నాడు అధికారి.

చిట్టి వేళ్ళు డాక్టరమ్మ మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. చెప్పమనా, చెప్పొద్దనా?